ఇదే మొదటిసారా?

చొక్కాల కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె ఆరాలక్కే. కొత్తగా చేరిన అమ్మాయి కళ్లు ఎందుకు ఉబ్బి ఉన్నాయో, సూపర్‌వైజరు ఉన్నట్టుండి మీసం ఎందుకు తీసేశాడో, భోజనాల గదిలో రెండో ఫ్యాను ఎందుకు తిరగడం లేదో అడగందే ఆమెకు ముద్ద దిగదు. ఒకరి దగ్గర విన్నది ఇంకొకరి చెవిన వేసే అలవాటు మాత్రం ఆమెకు లేదు. తనకు తెలిస్తే చాలు, కడుపు నిండినట్టుంటుంది.

"నీకెందుకే ఆ ఊసు?" అని భర్త రోజుకు పదిసార్లు అంటాడు.

"తెలిస్తే ఏం పోయింది?" అని ఆమె పదిసార్లూ అదే జవాబు చెబుతుంది.

మొగుడూ పెళ్లాలిద్దరూ పని వెతుక్కుంటూ ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది. ఆయన కూరగాయలు దాచే చల్లటి గిడ్డంగిలో పెట్టెలెత్తే బండి నడుపుతాడు. ఆమె కార్ఖానాలో చివరి బల్ల దగ్గర చెకింగ్ చేస్తుంది. అక్కడ బట్టను పొరలు పొరలుగా పరిచి ఒక్కసారే కోస్తారు. పై పొరకూ అడుగు పొరకూ రంగులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకని కోసిన ప్రతి ముక్క మీదా చిన్న చీటీ అతికించి అంకె వేస్తారు. నలభై మూడో పొర చెయ్యి నలభై మూడో పొర ఒంటికే అతకాలి. ఎక్కడైనా చీటీ మారిందా, కుట్టుకు వంక పెట్టలేం గానీ, చొక్కాను వెలుతురులోకి తెచ్చేసరికి ఒక చెయ్యి వేరే చొక్కాదని తెలిసిపోతుంది. ఆ తేడా పట్టుకోవడమే ఆరాలక్క ఉద్యోగం. రోజుకు నాలుగువందల చొక్కాలు ఆమె కళ్ల ముందు నుంచి పోతాయి.

మూడేళ్ల కిందట మరిదికి పెళ్లయి తోటికోడలు వచ్చింది. ఆ అమ్మాయికీ ఇదే కార్ఖానాలో కాలర్లు కుట్టే మిషను దగ్గర పని దొరికింది. వచ్చిన కొత్తలో మిషను చప్పుడును మించి మాట్లాడేది. ఏడాదిగా మాట తగ్గిపోయింది. మొహం కాస్త ఉబ్బింది. జుట్టు దువ్వెనకు దువ్వెనంతా వస్తోంది. అందరూ చెమటలు కక్కుతుంటే ఆమె ఒక్కతీ స్వెట్టరు తొడుక్కుని కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం ఆరాలక్క వెళ్లి చూసేసరికి కుట్టిన కాలర్ల దొంతర మీద తల ఆనించి నిద్రపోతోంది.

"ఏమే, ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందక్కా."

"బాగుంటే కాలర్ల మీద పడకేంటి? డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"రెండుసార్లు వెళ్లాను."

ఇది ఆరాలక్కకు కొత్త సంగతి. ఒకే ఇంట్లో పైన కింద వాటాల్లో ఉంటూ, తనకు తెలియకుండా రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లి వచ్చిందంటే ఆమెకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ వేసింది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

మొదటిసారి మొగుడు తీసుకెళ్లాడట. కాగితాలన్నీ అతనే నింపాడు. డాక్టరు ఆమెను చూస్తూ అడిగిన ప్రతిదానికీ అతనే జవాబు చెప్పాడు. "ఏం లేదండీ, కాస్త నీరసం, అంతే" అన్నాడు. రక్తం తీసి, కొంచెం తేడాగా ఉంది, ఒక్కసారి చూసి మందు మొదలుపెట్టం, మూడు నెలలాగి మళ్లీ రండి అన్నారు. రెండోసారి మొగుడికి సెలవు దొరక్క ఒక్కతే వెళ్లింది. అప్పుడు బల్ల మీద ఫోను పెట్టారు. ఎక్కడో కూర్చున్న ఒకావిడ ఫోనులో డాక్టరు మాటల్ని తెలుగులో చెప్పింది.

"అయితే బాగానే అర్థమై ఉంటుందిగా?"

"ఏం అర్థమక్కా! 'తమకు ఋతుస్రావము క్రమబద్ధముగా జరుగుచున్నదా' అంది. పదో తరగతి తెలుగు పరీక్ష మళ్లీ రాస్తున్నాననుకున్నాను. అన్నిటికీ అవునండీ, అవునండీ అనేసి వచ్చాను."

"మరి రక్తం సంగతేమన్నారు?"

"మళ్లీ కొంచెం తేడాగా ఉందంట. మళ్లీ మూడు నెలలాగి రమ్మన్నారు."

"మొన్న తేడా, ఇప్పుడూ తేడా. మరి మందెందుకివ్వరని అడగలేదూ?"

"వాళ్లడిగినవాటికి జవాబు చెప్పడానికే ప్రాణం పోయింది. ఇంక నేనెక్కడ అడుగుతాను?"

మూడోసారి ఆరాలక్క తోడు వెళ్లింది. సూపర్‌వైజరు పూటసెలవు ఇవ్వనని నీలిగాడు గానీ, ఎందుకివ్వరు, ఎవరికిస్తారు, ఎలా అడిగితే ఇస్తారు అని ఆమె వరసపెట్టి అడిగేసరికి విసిగి ఇచ్చేశాడు. ఈ దేశపు భాష ఆమెకు ధారాళంగా రాదు. క్రియలన్నీ గందరగోళం. కానీ అడగడానికి సిగ్గుపడదు కాబట్టి పని జరిగిపోతుంది.

ఆస్పత్రి కౌంటరు దగ్గర అద్దం వెనక ఉన్న అమ్మాయి కంప్యూటరు వైపే చూస్తూ అడిగింది.

"ఇదే మొదటిసారా?"

తోటికోడలు తలూపింది. ఎవరేం అడిగినా ఊపే తలే అది.

"ఊపుతావేంటే! మూడోసారి" అంది ఆరాలక్క.

అద్దం వెనక అమ్మాయి పేరు అడిగి, మరోసారి చూసింది. "లేదు, మొదటిసారే. కుటుంబం పేరు చెప్పండి" అంది. ఆరాలక్క చెప్పింది. అమ్మాయి టకటకా టైపు చేసుకుంది. ఒక చీటీ బయటికొచ్చింది. వెనకాల ఇరవై మంది నిలబడి ఉన్నారు. జరగక తప్పలేదు.

రక్తం తీసిన నాలుగో రోజున డాక్టరు పిలిచాడు. ఈసారి ఇంకో కుర్ర డాక్టరు, మర్యాదస్తుడు. మెడ తడిమి చూశాడు. థైరాయిడ్ అని మెడలో ఒక గ్రంథి ఉంటుందనీ, అది కాస్త మందకొడిగా పనిచేస్తున్నట్టుందనీ బొమ్మ గీసి మరీ చెప్పాడు. చివర్న అన్నాడు కదా, "కొంచెం తేడాగా ఉంది. ఒక్కసారి చూసి మందు మొదలుపెట్టం. మూడు నెలలాగి..."

"ఇది మూడోసారి డాక్టరుగారూ."

అతను స్క్రీను పైకీ కిందకీ జరిపి చూశాడు. "ఇంతకుముందు పరీక్షలేవీ ఇక్కడ లేవే. వేరే ఆస్పత్రిలో చేయించారేమో" అన్నాడు. అతని మొహంలో అబద్ధం లేదు. తోటికోడలి మొహంలోనూ లేదు. మరి రెండుసార్లు తీసిన రక్తం ఏమైనట్టు?

ఇంటికి రాగానే ఆరాలక్క చెప్పులు కూడా విప్పకుండా, "నీ దగ్గర పాత చీటీలున్నాయా?" అంది. తోటికోడలు పెట్టె అడుగున మడతపెట్టి దాచిన కాగితాలు తెచ్చింది. రక్తం తీసిన రోజు చేతికిచ్చిన చీటీలు. ప్రతిదాని మీదా చారల స్టిక్కరు, దాని కింద పొడుగాటి అంకె. ఆరాలక్క మూడు చీటీలనూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పరిచింది. రోజూ చూసే పనే ఇది. ఆమె కన్ను అక్షరాలను వదిలేసి సరాసరి అంకెల మీదకు పోయింది.

మూడు చీటీలు, మూడు అంకెలు. ఒక్కటీ కలవలేదు.

"వీళ్లు నిన్ను ముగ్గుర్ని చేశారే!" అంది.

తోటికోడలు నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "ముగ్గురి నీరసం ఒక్కదానికే వచ్చిందక్కా" అంది.

తరువాతి సెలవు రోజున ఇద్దరూ చీటీలు పట్టుకుని మళ్లీ వెళ్లారు. ఒకటో కౌంటరు నాలుగో కౌంటరుకు పొమ్మంది. నాలుగోది పైఅంతస్తుకు పంపింది. పైన ఒకాయన కిందికి వేలు చూపించాడు. అలా తిరిగి తిరిగి, ఆస్పత్రి వెనక వైపు, మందుల పెట్టెలు దించే చోటు పక్కనున్న గదికి చేరారు. గది నిండా ఇనుప బీరువాలు. మధ్యలో బల్ల, కంప్యూటరు, ఒక పెద్దావిడ. ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకో కళ్లజోడు. రోగుల కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కక ముందు నుంచీ, ఎక్కిన తర్వాతా వాటిని చూసుకునేది ఆవిడే.

ఆరాలక్క మూడు చీటీలు బల్ల మీద వరసగా పెట్టింది. ఆవిడ ముక్కు మీద జోడు తీసి, నెత్తి మీద జోడు దించుకుని చూసింది.

"ఎవరివి ఇవి?"

"ఈమెవి."

"మూడూ?"

"మూడూ."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని అంకెలు కొట్టింది. ఒకదాని తర్వాత ఒకటి ముగ్గురు మనుషులు స్క్రీను మీదికి వచ్చారు. పుట్టిన తేదీ ఒకటే. వీధి ఒకటే. పేర్లు మాత్రం వేరు. ఒకావిడకు కుటుంబం పేరు ఉండాల్సిన చోట చుక్క ఉంది. ఒకావిడ పేరు తిరగేసి ఉంది. మూడో ఆవిడ కుటుంబం పేరు మరిదిది.

"పని పర్మిట్ నంబరుతో చూస్తే తెలియాలే" అని ఆవిడ గొణుక్కుంది.

"అది ఏటా మారుతుంది కదమ్మా. కొత్త పర్మిట్, కొత్త నంబరు. రెండోసారికి మారింది, మూడోసారి ఎవరూ అడగలేదు" అంది ఆరాలక్క.

అప్పుడు ముగ్గురూ కూర్చుని ఒక్కొక్కదానికీ మూలం లాగారు. మొదటిసారి మరిది నింపిన కాగితంలో, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరూ పేరూ కలిపి ఒక్క గడిలో రాసి, రెండోది ఖాళీ వదిలేశాడు. కంప్యూటరు ఖాళీని ఒప్పుకోదు. కౌంటరులో ఎవరో చుక్క పెట్టారు. రెండోసారి పేరడిగితే తోటికోడలు అలవాటుగా ఇంటిపేరు ముందు చెప్పింది. అది సొంత పేరనుకుని రాసుకున్నారు. మూడోసారి కుటుంబం పేరు అడిగితే, కుటుంబమంటే మొగుడేగా అని మొగుడి పేరు చెప్పింది స్వయానా ఆరాలక్కే.

"మూడోదాన్ని పుట్టించింది నేనా!" అని ఆమె నాలిక్కరుచుకుంది.

పెద్దావిడకు ఆ మాట వినబడలేదు. ఆవిడ ఇంకో చోట ఆగిపోయింది. "ఇంటిపేరు అన్నారు. ఇంటికి పేరా?" అని అడిగింది.

"ఇంట్లో వాళ్లందరికీ కలిపి ఒకటే పేరు. అది ముందు వస్తుంది. మన పేరు దాని వెనకాల."

"అంటే ఇల్లు ముందు నడుస్తుంది, మనిషి వెనక నడుస్తుంది."

"అచ్చం అంతే."

"పెళ్లయితే?"

"ఇల్లు మారుతుంది కదా, చాలామందికి పేరూ మారుతుంది. కొందరు మార్చుకోరు."

"మరి మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?"

"ఒసే అని పిలుస్తుంది."

ఆ 'ఒసే'ని ఆ భాషలోకి ఎలా మార్చాలో ఆరాలక్కకు తెలియలేదు. చేత్తో పిలిచి చూపించింది. పెద్దావిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తర్వాత పెన్సిలు తీసుకుని, ఇల్లు ముందు, మనిషి వెనక అని ఒక కాగితం మీద రాసుకుంది. "ఇరవై ఆరేళ్ల నుంచి ఈ గదిలో ఉన్నాను. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు" అంది.

"మీరు ఎవరినైనా అడిగారా?"

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. "లేదు" అంది.

మూడు ఫైళ్లనూ కలపమని తోటికోడలు సంతకం పెట్టింది. ఆ పని ముగిశాక పెద్దావిడ ఆరాలక్క వైపు తిరిగింది. "మీదీ చూద్దామా?"

"నాదేముందమ్మా? ఈ ఆస్పత్రికి నేనొచ్చింది ఒక్కసారే. ఏడాదిన్నర కిందట, పంటి వాపుకు."

పేరు చెప్పింది. ఈసారి జాగ్రత్తగా, ఇల్లొక గడిలో, మనిషొక గడిలో. పెద్దావిడ కొట్టింది. కళ్లు చిట్లించింది.

"ఒక్కసారంటారేంటి? పన్నెండుసార్లు వచ్చారు. గాల్‌బ్లాడర్ తీసేసింది మీకేగా?"

ఆరాలక్క చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. "నాకా? నా పొట్ట మీద గీత కూడా లేదు."

నమ్మకం కోసం తలుపు వేసి, కుర్తా అంచు ఎత్తి చూపించింది. పెద్దావిడ రెండో జోడు పెట్టుకుని మరీ చూసింది. గీత లేదు.

"పెన్సిలిన్ పడదని కూడా ఉంది."

అప్పుడు ఆరాలక్కకు పంటి సంగతి తట్టింది. ఆరోజు మాత్రలు రాస్తూ డాక్టరు, "మామూలు మందు మీకు పడదు కదా, ఇంకోటి రాస్తాను" అన్నాడు. పడదని ఎవరు చెప్పారని అడిగితే స్క్రీను చూపించాడు. డాక్టర్లకు మనకంటే ఎక్కువ తెలుస్తుంది కాబోలు అనుకుని ఆమె ఊరుకుంది. ఆ ఇంకో మందుకు వారం రోజులు కడుపు కుతకుతలాడి అన్నం సయించలేదు. లోకంలో అందరినీ అన్నీ అడిగే మనిషి, ఆ ఒక్కచోటా రెండో ప్రశ్న అడగలేదు. తన సంగతి కాబట్టే అడగలేదేమో.

పెద్దావిడ స్క్రీనును గబుక్కున తన వైపు తిప్పేసుకుంది. మొహంలో నవ్వు పోయింది. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిన ఏడాది, పేరూ పుట్టిన తేదీ ఒకటే ఉన్నవాళ్లను ఒకే మనిషనుకుని కలిపేశారని, ఆ తర్వాత వచ్చినవాళ్లనూ అదే ఫైల్లో వేస్తున్నారని చెప్పింది. "ఇందులో ఇంకో మనిషి ఉంది. ఆవిడ సంగతులు నేను పైకి చదవకూడదు, మీరు వినకూడదు. చదివింది నా తప్పు. ఆవిడకు ఉత్తరం రాస్తాను."

"ఎక్కడుంటుంది?"

"చెప్పకూడదు."

"ఏం పని చేస్తుంది?"

"అదీ చెప్పకూడదు."

ఆరాలక్కకు ఇంత కష్టం ఎన్నడూ రాలేదు.

ఆ వారంలోనే తోటికోడలికి పిలుపు వచ్చింది. ఈసారి డాక్టరమ్మ. మూడు పరీక్షల అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన వచ్చాయి. ఆవిడ వాటి కింద వేలు పెట్టి చూపించింది. ఒకటి, దానికంటే పెద్దది ఒకటి, దానికంటే పెద్దది ఇంకొకటి. "ఇది కొంచెం తేడా కాదు, మెట్లెక్కుతోంది. మూడు నెలల కిందటే మందు మొదలుపెట్టాల్సింది" అంది. ఆ తర్వాత ఆరాలక్క వైపు తిరిగి, మీరు కాసేపు బయట కూర్చోండి అని మర్యాదగా తలుపు చూపించింది.

బయట బెంచీ మీద ఆరాలక్క ఇరవై నిమిషాలు కూర్చుంది. లోపలి నుంచి ఫోనులో మాట్లాడే ఆవిడ గొంతు వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. ఒకసారి మాత్రం తోటికోడలి గొంతు గట్టిగా వినబడింది. "అమ్మా, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అడగండి, అప్పుడు చెబుతాను." ఫోనులో నవ్వు. ఆ తర్వాత ఆ పిల్ల గొంతు ఆగలేదు. ఏడాదిగా దాచుకున్నదంతా చెప్పినట్టుంది.

"ఏం అడిగింది?" అంది ఆరాలక్క, ఆమె బయటికి రాగానే.

"నా సంగతులక్కా."

"అదే, ఏ సంగతులు?"

"నావి."

బస్సు వచ్చేలోపు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు. ఆమెకు కాస్త చిన్నతనంగా అనిపించింది. కాసేపటికి ఎందుకో ముచ్చటేసింది కూడా. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, అరగంట దాకా కాఫీ తాగొద్దు అన్నారట. అంతవరకే తోటికోడలు చెప్పింది.

ఇక ఆరాలక్క బుర్రలో ఆ రెండో మనిషి తిష్ట వేసింది. గాల్‌బ్లాడర్ తీసేశారంటే ఎంత నొప్పి పడి ఉంటుందో! ఆపరేషన్ రోజున పక్కన ఎవరున్నారో! పెన్సిలిన్ పడదని ఎలా తెలిసిందో, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయో, ఊపిరి అందలేదో! బస్సులో తన ఈడు ఆడది ఎవరు ఎక్కినా ఈవిడేనేమో అని చూసేది. ఒకరోజు అన్నం తింటూ భర్తతో, "ఈ ఊళ్లో నేను ఇంకొకర్తిని ఉన్నాను" అంది.

"ఒకర్తితోనే వేగలేకపోతున్నాను" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఐదు వారాల తర్వాత రికార్డుల గదికి రమ్మని ఆమెకు కబురొచ్చింది. ఇంకెవరికో కూడా అదే పూటకు కబురు వెళ్లింది. గది బయట కుర్చీల్లో ఇద్దరే కూర్చున్నారు. ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. అవతలావిడ పొడుగ్గా, సన్నగా ఉంది. నెరిసిన జడ. చేతులు కడిగి కడిగి పొడిబారిపోయి ఉన్నాయి. పెద్దావిడ తలుపు తీసి పేరు పిలిచింది. ఇద్దరూ లేచారు.

"మీదీ అదేనా?" అంది ఆరాలక్క తెలుగులో.

"ఇంటిపేరుతో సహా" అంది ఆవిడ.

"పుట్టినరోజు జూలై ఒకటా?"

"మాస్టారు వేసింది. అసలుది ఎవరికి గుర్తుంది?"

"మా మాస్టారూ అంతే! మా క్లాసు మొత్తానికి అదే పుట్టినరోజు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆవిడ ఊరికి అటు చివర ముసలివాళ్లను చూసుకునే ఇంట్లో ఆయా. లేవలేనివాళ్లకు స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం ఆవిడ పని. వచ్చి ఆరేళ్లయింది. ఈ భాష ఇంకా పట్టుబడలేదు. ముసలివాళ్లతో మాటల అవసరం తక్కువ పడుతుందని చెప్పింది.

నెల రోజులుగా కూడబెట్టిన ప్రశ్నలన్నీ ఆరాలక్క నోటి దాకా వచ్చాయి. కానీ ఎదురుగా మనిషిని చూసేసరికి, అడక్కుండానే ఈవిడ కడుపులో సంగతి తనకు తెలుసన్నది గుర్తొచ్చి నోరు పెగల్లేదు. ఎవరి గురించైనా ఏదైనా తెలిసి సిగ్గుపడడం ఆమెకు అదే మొదలు.

"చూడండి, మీ సంగతి కొంత నా చెవిన పడింది. కావాలని వినలేదు."

ఆవిడ మొహం మారింది. "ఏం పడింది?"

"కడుపు ఆపరేషన్ అని. ఒక మందు పడదని."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలింది. అంటే ఇంకా ఏదో ఉంది. ఆరాలక్కకు అది స్పష్టంగా తెలిసింది. ఆమె అడగలేదు.

కాసేపటికి ఆవిడే అంది. "నాకు ఒక్కటే అర్థం కాలేదమ్మా. ముందు నేనెప్పుడొచ్చినా డాక్టరు బల్ల మీద ఫోను పెట్టేవాళ్లు. తెలుగులో చెప్పేవాళ్లు. ఏడాదిన్నర నుంచి మానేశారు. వస్తాను, డాక్టరు ఏదో చెబుతాడు, తలూపుతాను, వెళతాను. నాకు భాష వచ్చేసిందని వాళ్లకెవరు చెప్పారో!"

పంటి వాపుకు వచ్చినరోజు కౌంటరులో ఇచ్చిన కాగితం ఆరాలక్క కళ్లకు కట్టింది. 'మీ భాషలో మాట చెప్పే మనిషి కావాలా?' అని ఒక గడి. అక్కర్లేదు అన్నచోట, గర్వంగా, కలం నొక్కి మరీ టిక్కు పెట్టింది.

"నేనే" అంది. "ఆ గడిలో రాసింది నేనే. మీ ఫోను నేనే తీయించేశాను."

ఆవిడకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక పొడిబారిన చేతిని ఆరాలక్క మోచేతి మీద వేసి, ఒకసారి నొక్కి, తీసేసింది. క్షమించినట్టో, ఊరుకోమన్నట్టో ఆరాలక్క తేల్చుకోలేకపోయింది.

లోపల పెద్దావిడ అంతా సిద్ధం చేసి ఉంచింది. బల్ల మీద ఫోను కూడా పెట్టింది. స్క్రీను తన వైపే ఉంచుకుని, "నేను తేదీ మాత్రమే చదువుతాను. ఎవరిదైతే వాళ్లు చెయ్యెత్తండి. ఎందుకొచ్చారో చెప్పక్కర్లేదు" అంది. ఫోనులో గొంతు ఆ మాటను తెలుగులో చెప్పింది, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే.

మొదటి తేదీకి ఆయా చెయ్యెత్తింది. రెండోదానికీ ఆవిడే. గుర్తురాని చోట తన చిన్న డైరీ తిప్పి, అవును ఆరోజు నాకు సెలవు అని చూసుకుని ఎత్తింది. పంటి రోజు రాగానే ఆరాలక్క బళ్లో పిల్లలా చెయ్యి పైకి చాపింది. ఒక్కొక్క తేదీకీ పెద్దావిడ ఒక కాగితం తీసి, ఇటో అటో పెట్టింది. పెన్సిలిన్ ఆవిడ వైపు పోయింది. అక్కర్లేదన్న టిక్కు ఆరాలక్క వైపు వచ్చింది. ఆయా ఫైలు మీద 'తెలుగు ఫోను కావాలి' అని పెద్దావిడ ఎర్రటి అక్షరాలతో రాసింది. ఒకసారి సరిపోదన్నట్టు కింద గీత కూడా గీసింది.

పదకొండు తేదీలు అయ్యాయి. పన్నెండోది చదివింది. ఎవరూ చెయ్యెత్తలేదు.

మళ్లీ చదివింది. ఆయా డైరీ చూసింది. ఆరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పనిలోనే ఉంది. ఆరాలక్క వచ్చింది ఆ పంటి రోజు ఒక్కటే.

పెద్దావిడ ఒక జోడు తీసి ఇంకో జోడు పెట్టుకుంది. "మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఎడమ కాలి మడమ విరిగిందా?"

ఇద్దరూ తల వంచి తమ కాళ్లు చూసుకున్నారు, అక్కడేమైనా రాసి ఉంటుందేమో అన్నట్టు.

"లేదు."

"లేదు."

ఫోనులో ఆవిడ, "అయితే ఇంకొకరున్నారా?" అని తన సొంత కుతూహలం కొద్దీ అడిగేసింది. పెద్దావిడ లేచి, బీరువాలోంచి కొత్త అట్ట ఒకటి తీసి, ఆ ఒక్క కాగితాన్నీ అందులో పెట్టింది. అట్ట మీద పేరు రాయాల్సిన చోట ఏం రాయాలో తోచక పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడింది.

తోటికోడలికి మందు పట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు స్వెట్టరు లేకుండా మిషను దగ్గర కూర్చుంది. ఆ మర్నాడు పక్క మిషను అమ్మాయితో పోట్లాడింది. ఆ గొంతు చివరి బల్ల దాకా వినిపిస్తే ఆరాలక్క చేతిలో చొక్కా వదిలేసి మరీ విని సంతోషించింది. మధ్యాహ్నం భోజనాల గదిలో ఇప్పుడు ఆమె అడిగేది ఒకటే. ఆస్పత్రిలో ఏ పేరు చెప్పారు, ఏ గడిలో రాశారు, చీటీలున్నాయా? ముప్పై నలుగురు ఆడవాళ్లు చీటీలు తెచ్చి ఆమె బల్ల మీద పరిచారు. తొమ్మిది మంది ఆస్పత్రి లెక్కలో ఇద్దరేసి ఉన్నారు. వాళ్లను విడతలవారీగా రికార్డుల గదికి తీసుకెళ్లింది. ఇల్లు ముందు, మనిషి వెనక అన్న కాగితం ఇప్పుడు కౌంటరు అద్దానికి లోపలి వైపు అతికించి ఉంది. అద్దం వెనక అమ్మాయి దాన్ని ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి మరిచిపోతుంది.

మడమ విరిగిన ఆ మూడో ఆవిడ మాత్రం దొరకలేదు. కాగితం మీదున్న చిరునామాకు పెద్దావిడ రెండు ఉత్తరాలు రాసింది. రెండూ విప్పకుండానే తిరిగొచ్చాయి. అక్కడ ఉండేవాళ్లు ఎప్పుడో ఇల్లు మారిపోయారట.

ఆయాకు సెలవున్న రోజు ఇద్దరూ ఒకే పూటకు డాక్టరు అపాయింట్‌మెంటు పెట్టించుకుని, పని అయ్యాక ఒకే బస్సుస్టాపులో నిలబడతారు. మొన్నటిసారి ఎండ బాగా ఉంది. బస్సు ఆలస్యమైంది.

"ఆవిడ కాలు అతికి ఉంటుందంటారా?" అంది ఆరాలక్క.

"అతికే ఉంటుంది. లేకపోతే మళ్లీ వచ్చేది కదా."

ఆరాలక్క ఆస్పత్రి గేటు వైపు చూసింది. టోకెన్ల కోసం ఆడవాళ్ల వరస గేటు దాటి రోడ్డు దాకా వచ్చింది.

"వచ్చే ఉంటుందేమో" అంది. "ఇంకేదో పేరుతో."